మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

మీకు జ్వరం వచ్చిందనుకోండి. అమ్మమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మూడో రోజుకల్లా జ్వరం తగ్గిపోయింది. "చూశావా, నా కషాయం మహిమ!" అంటుంది అమ్మమ్మ. పక్కింటి కుర్రవాడికి కూడా అదే జ్వరం వచ్చింది. అతను ఏ మందూ పుచ్చుకోలేదు. అతనికీ మూడో రోజుకే తగ్గింది. మరి మీ జ్వరాన్ని తగ్గించింది కషాయమా? లేక దానంతట అదే తగ్గిందా?

ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని గొప్ప గొప్ప వైద్యులను కూడా ఇది చిక్కుల్లో పెట్టింది. చాలా జబ్బులు మందు వేసినా, వేయకపోయినా కొన్నాళ్ళకు తగ్గుముఖం పడతాయి. అలాంటప్పుడు ఒక మందు నిజంగా మేలు చేసిందో లేదో తేల్చడం ఎలా? జపాన్‌లో పసిపిల్లలకు వచ్చే ఒక జబ్బు విషయంలో అక్కడి వైద్యులు ఈ ప్రశ్నకు జవాబు వెదికారు. ఆ వెదుకులాట సుమారు యాభై ఏళ్ళు సాగింది. వాళ్ళు ఏం చేశారో, ఎక్కడ దారి తప్పారో, మళ్ళీ ఎలా దారిలో పడ్డారో చూద్దాం.

పేరు లేని జబ్బు

1961 జనవరిలో టోక్యో నగరంలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి నాలుగేళ్ళ కుర్రవాణ్ణి ఒకణ్ణి తీసుకువచ్చారు. అతన్ని చూసిన పిల్లల వైద్యుని పేరు తొమిసాకు కవాసాకి. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు. ఆ పిల్లవాడి లక్షణాలు ఆయన చదివిన ఏ జబ్బుతోనూ సరిపోలేదు. కొన్నాళ్ళకు పిల్లవాడు కోలుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఏ జబ్బో తెలియదు అని మాత్రమే డాక్టరు రాసుకోగలిగారు.

ఏడాది గడిచింది. అవే లక్షణాలతో ఇంకొక బిడ్డ వచ్చింది. ఆ తరువాత ఇంకొకరు. అయిదు రోజులు దాటినా విడవని జ్వరం, పుసి కట్టకుండానే ఎర్రబడ్డ కళ్ళు, ఎర్రగా పగిలిన పెదవులు, స్ట్రాబెరీ పండులా ఎర్రగా బొడిపెలు తేలిన నాలుక, ఒంటిమీద దద్దురు, వాచిన అరచేతులు, అరికాళ్ళు, మెడలో బిళ్ళలు. జ్వరం తగ్గాక వేళ్ళ చివర్ల చర్మం పొరలుగా ఊడిపోయేది. జబ్బుపడ్డ వాళ్ళలో ఎక్కువమంది అయిదేళ్ళ లోపు పిల్లలే. కవాసాకి ఓపికగా ఒక్కొక్కరి వివరాలూ రాసి పెట్టుకున్నారు. 1967లో మొత్తం 50 మంది పిల్లల వివరాలతో జపాన్ భాషలో ఒక వ్యాసం ప్రచురించారు. తరువాత ఆ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. కవాసాకి జబ్బు అన్నారు.

ఆ వ్యాసం రాసేనాటికి ఆయన అభిప్రాయం ఏమిటో తెలుసా? ఈ జబ్బు దానంతట అదే తగ్గిపోతుంది, వెనుక ఏ లోపమూ మిగలదు అని. నిజంగా పిల్లలు కోలుకుంటున్నారు గదా! రెండు వారాలు అటూ ఇటూగా జ్వరం పోతోంది. బిడ్డ మళ్ళీ ఆడుకుంటోంది. ఇంకేం కావాలి?

కాని 1970లో దేశమంతటా ఆసుపత్రులనుంచి వివరాలు సేకరించడం మొదలుపెట్టినప్పుడు భయంకరమైన సంగతి ఒకటి బయటపడింది. జబ్బు తగ్గిందనుకున్న పిల్లల్లో కొందరు హఠాత్తుగా చనిపోయారు. కారణం గుండె.

సైకిలు ట్యూబులో ఉబ్బు

శరీరమంతటికీ రక్తాన్ని పంపే గుండెకు తన కండరాల కోసం కూడా రక్తం కావాలి. ఆ రక్తాన్ని అందించే సన్నని ధమనులను కరొనరీ ధమనులు అంటారు. చిన్నపిల్లల్లో వీటి వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే కందిగింజ కంటే సన్నం.

కవాసాకి జబ్బులో శరీరపు రక్షణ కణాలే ఈ ధమనుల గోడల్లోకి చొరబడి వాటిని వాచేలా చేస్తాయి. గోడ బలహీనపడుతుంది. పాతబడిన సైకిలు ట్యూబుకు గాలి కొట్టినప్పుడు ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. నీరసపడిన చోట ట్యూబు బుడగలా ఉబ్బుతుంది. ధమని కూడా రక్తపు ఒత్తిడికి అలాగే ఉబ్బుతుంది. కొందరు పిల్లల్లో ఆ ఉబ్బు 8 మిల్లీమీటర్లు దాటుతుంది. ఉబ్బిన చోట రక్తం నెమ్మదిగా సుడులు తిరుగుతుంది. నెమ్మదించిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ధమనికి అడ్డుపడితే గుండె కండరానికి రక్తం అందదు. అయిదేళ్ళ బిడ్డకు గుండెపోటు వస్తుంది.

సరైన చికిత్స జరగకపోతే ప్రతి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ధమనులు ఇలా దెబ్బతింటాయి. పైకి మాత్రం ఏ గుర్తూ ఉండదు. జ్వరం తగ్గుతుంది, దద్దురు మాయమవుతుంది. లోపలి ఉబ్బు అలాగే ఉండిపోతుంది.

మొదటి ప్రశ్న: ఏమి కొలవాలి?

ఇప్పుడు ఒక వైద్యుడు కవాసాకి జబ్బుకు ఏదో ఒక మందు ఇచ్చాడనుకుందాం. "నేను వంద మందికి ఇచ్చాను, దాదాపు అందరికీ జ్వరం తగ్గింది" అంటాడు. అబద్ధం కాదు. కాని మందు ఇవ్వకపోయినా జ్వరం తగ్గేదే! ఆయన కొలవవలసింది జ్వరాన్ని కాదు, ధమనిని.

మొదట్లో ఇది కష్టమయ్యేది. ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే తీయవలసి వచ్చేది. 1970ల చివరినుంచి ఎకో పరీక్ష వాడుకలోకి వచ్చింది. చెవికి వినపడని ధ్వని తరంగాలను గుండెమీదికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ గీసే పద్ధతి ఇది. సూది లేదు, నొప్పి లేదు. బిడ్డను పడుకోబెట్టి ధమని ఎన్ని మిల్లీమీటర్లు ఉందో తెరమీద కొలిచి చూడవచ్చు. ఈ పరీక్ష చేతికి వచ్చాక మందుల మంచిచెడ్డలు తేల్చడానికి సరైన కొలబద్ద దొరికినట్లయింది.

రెండో ప్రశ్న: ఎవరితో పోల్చాలి?

కొలబద్ద దొరికితే చాలదు. పోలిక కూడా సరిగా ఉండాలి. మందు ఇచ్చిన పిల్లలను ఇవ్వని పిల్లలతో పోల్చాలి. కాని ఎవరికి ఇవ్వాలో వైద్యుడే ఎంచుకుంటే ఒక చిక్కు వస్తుంది. జబ్బు ముదిరిన పిల్లలకే ఆయన గట్టి మందు ఇస్తాడు. వాళ్ళ ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయి. చూసేవాళ్ళు నేరం మందుమీద వేస్తారు. లేదా తేలికగా ఉన్న పిల్లలకు కొత్త మందు ఇచ్చాడనుకోండి. లేని గొప్ప మందుకు దక్కుతుంది.

దీనికి విరుగుడు చాలా సులువు. చీట్లు వేయడం! ఏ బిడ్డకు ఏ చికిత్స అన్నది వైద్యుని ఇష్టానికి గాని, తల్లిదండ్రుల ఇష్టానికి గాని వదలకుండా అదృష్టానికి వదిలేస్తారు. అప్పుడు జబ్బు ముదిరినవాళ్ళు, తేలికగా ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, పసివాళ్ళు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా సర్దుకుంటారు. ఇక చివరికి తేడా కనిపిస్తే అది మందువల్ల వచ్చినదై ఉండాలి, లేదా కాకతాళీయమై ఉండాలి.

జపాన్‌లో ఫురుషో అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇలాంటి ప్రయోగం చేసి 1984లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళు పరీక్షించిన మందు గామా గ్లోబ్యులిన్. వేలాదిమంది రక్తదాతల రక్తంనుంచి వేరుచేసిన ప్రతిరక్షకాల మిశ్రమం అది. మొత్తం 85 మంది పిల్లలు. 45 మందికి అప్పటివరకు వాడుకలో ఉన్న ఆస్పిరిన్ మాత్రమే ఇచ్చారు. 40 మందికి ఆస్పిరిన్‌తోపాటు వరసగా అయిదు రోజులు గామా గ్లోబ్యులిన్‌ను నరంలోకి ఎక్కించారు. నెల తిరిగే లోపల ఎకో పరీక్షలో కనిపించినదేమిటంటే:

ఆస్పిరిన్ మాత్రమే పుచ్చుకున్న 45 మందిలో 19 మందికి ధమనులు ఉబ్బాయి. అంటే నూటికి 42.
గామా గ్లోబ్యులిన్ కూడా పుచ్చుకున్న 40 మందిలో 6 మందికి ఉబ్బాయి. అంటే నూటికి 15.

ఇది కాకతాళీయం కాదని ఎలా చెప్పగలం? మీరే పరీక్షించి చూడండి. 85 చింతపిక్కలు తీసుకోండి. వాటిలో 25 పిక్కలకు సున్నం బొట్టు పెట్టి ఆరనివ్వండి. 25 ఎందుకంటే రెండు జట్లలోనూ కలిపి ధమనులు దెబ్బతిన్న పిల్లలు 19, 6 మొత్తం 25 మంది. అన్నిటినీ డబ్బాలో వేసి బాగా కలపండి. చూడకుండా 40 పిక్కలు తీసి, వాటిలో బొట్టు ఉన్నవెన్నో లెక్కపెట్టండి. మందు వల్ల ఏ తేడా లేకపోతే ఎలా ఉండేదో ఇది చూపిస్తుంది. సాధారణంగా 10 నుంచి 14 దాకా వస్తాయి. 6 గాని, అంతకంటే తక్కువ గాని రావడం నూరుసార్లలో ఒక్కసారి కంటే అరుదు. ఓపిక ఉంటే మీ తరగతిలో అందరూ తలా నాలుగుసార్లు తీసి, లెక్కలు నల్లబల్లమీద రాయండి.

అయినా వైద్యులు అంతటితో తృప్తిపడలేదు. అమెరికాలో జేన్ న్యూబర్గర్ బృందం ఇదే ప్రయోగాన్ని మళ్ళీ చేసింది. 1986లో ఫలితం వచ్చింది. రెండు వారాల తరువాత చూస్తే ఆస్పిరిన్ జట్టులో నూటికి 23 మందికి, గామా గ్లోబ్యులిన్ జట్టులో నూటికి 8 మందికి ధమనులు దెబ్బతిన్నాయి. వేరే దేశం, వేరే పిల్లలు. తేడా మాత్రం అదే వైపు చూపింది. అప్పటినుంచి ప్రపంచమంతటా ఈ జబ్బుకు గామా గ్లోబ్యులిన్ ముఖ్య చికిత్స అయింది.

మీకొక సందేహం రావచ్చు. చీట్లలో ఆస్పిరిన్ వచ్చిన 45 మంది పిల్లలకు అన్యాయం జరగలేదా? ఆలోచించండి. చీట్లు వేసిన రోజున కొత్త మందు మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియదు. ఇతరుల రక్తంనుంచి తీసిన మందును బిడ్డ నరంలోకి ఎక్కించడం తేలిక విషయమూ కాదు. తెలియనంతవరకే చీట్లు వేయడం న్యాయం. తెలిసిన తరువాత వేస్తే అన్యాయం. అందుకనే ఇలాంటి ప్రయోగాల్లో మధ్యమధ్య లెక్కలు చూస్తారు. తేడా స్పష్టంగా తేలితే ప్రయోగాన్ని అక్కడే ఆపేస్తారు.

నిందపడ్డ మందు

ఇప్పుడు ఇంకొక మందు సంగతి. వాపును అణచడంలో స్టెరాయిడ్లు పేరుమోసిన మందులు. ధమని గోడ వాయడమే ఈ జబ్బులోని అసలు కీడు గనుక, స్టెరాయిడ్లు మేలు చేయాలని ఎవరైనా అనుకుంటారు. కాని 1979లో కురుమే నగరానికి చెందిన కాటో అనే వైద్యుడు, ఆయన సహచరులు తమ అనుభవాన్ని ప్రకటించారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రమే ఇచ్చిన 17 మందిలో 11 మందికి ధమనులు ఉబ్బాయి! ఆస్పిరిన్ ఇచ్చినవాళ్ళలో అలా అయినవాళ్ళు చాలా తక్కువ.

ఈ వార్తతో వైద్యులు బెదిరిపోయారు. స్టెరాయిడ్లు ఈ జబ్బుకు పనికిరావు, పైగా ప్రమాదకరం అనే మాట ఎన్నో ఏళ్ళు చెల్లింది. కాని అదే వ్యాసంలో ఇంకొక చిన్న జట్టు ఉంది. ప్రెడ్నిసొలోన్‌తోపాటు ఆస్పిరిన్ కూడా ఇచ్చిన పిల్లలు ఏడుగురు. వాళ్ళలో ఒక్కరికీ ధమనులు ఉబ్బలేదు. 17 మంది, 7 మంది! ఇంత చిన్న జట్లను చూసి ఒక మందును మెచ్చుకోవడమూ తొందరపాటే, తప్పుపట్టడమూ తొందరపాటే. నాణేన్ని ఏడుసార్లు ఎగరేసి నాలుగైదుసార్లు బొమ్మ పడితే ఆ నాణెం మోసపు నాణెమని అనరు గదా!

మూడో ప్రశ్న: ఎవరిలో?

గామా గ్లోబ్యులిన్ వచ్చినా ఒక లోటు మిగిలిపోయింది. నూటికి 10 నుంచి 20 మంది పిల్లలకు అది ఎక్కించిన తరువాత కూడా జ్వరం విడవదు. ధమనులు దెబ్బతినే ప్రమాదం వీళ్ళకే ఎక్కువ. వీళ్ళను ముందే గుర్తుపట్టగలిగితే?

జపాన్ వైద్యుడు తోహ్రు కొబయాషి, ఆయన సహచరులు 2006లో ఒక మార్కుల పద్ధతి తయారుచేశారు. బిడ్డ వయసు ఏడాది లోపా? జ్వరం మొదలై ఎన్నో రోజు? రక్తంలో సోడియం తగ్గిందా? రక్తఫలకికలు తగ్గాయా? ఇలా ఏడు విషయాలు చూసి మార్కులు వేస్తారు. మీ పరీక్షల్లా కాదు సుమా! ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ.

ఆ తరువాత 2008 నుంచి 2010 వరకు జపాన్‌లో 74 ఆసుపత్రులు కలసి ఒక ప్రయోగం చేశాయి. మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లలను మాత్రమే, 248 మందిని, తీసుకున్నాయి. చీట్ల పద్ధతిలోనే 123 మందికి గామా గ్లోబ్యులిన్, ఆస్పిరిన్ ఇచ్చారు. 125 మందికి వాటితోపాటు ప్రెడ్నిసొలోన్ కూడా ఇచ్చి, దాన్ని వారాల మీద క్రమంగా తగ్గిస్తూ ఆపారు. ఎకో బొమ్మలు చూసి తీర్పు చెప్పే నిపుణులకు ఏ బిడ్డ ఏ జట్టులో ఉందో చెప్పలేదు. ఎందుకో ఊహించగలరా? తెలిస్తే, తమకు తెలియకుండానే వాళ్ళ కన్ను ఒకవైపు మొగ్గవచ్చు.

ఫలితం 2012లో వెలువడింది. స్టెరాయిడ్ లేని జట్టులో 28 మందికి, అంటే నూటికి 23 మందికి ధమనులు దెబ్బతిన్నాయి. స్టెరాయిడ్ జట్టులో నలుగురికి మాత్రమే, అంటే నూటికి ముగ్గురికి. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, అనుకున్న సంఖ్య పూర్తికాకముందే కొత్తగా పిల్లలను చేర్చుకోవడం ఆపేశారు. 33 ఏళ్ళ కిందట నిందపడ్డ మందు ఈసారి గామా గ్లోబ్యులిన్, ఆస్పిరిన్ పక్కన నిలిచి పిల్లల గుండెలను కాపాడింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని 2007లోనే అమెరికాలో 199 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో స్టెరాయిడ్ వల్ల ధమనులకు లాభం కనబడలేదు. ఏది నిజం? రెండూ నిజమే. అమెరికాలో ప్రమాదం ఎక్కువా తక్కువా అని ఏరకుండా పిల్లలను చేర్చుకున్నారు. స్టెరాయిడ్ మోతాదు కూడా మొదట్లో ఒక్కసారే ఇచ్చారు. జపాన్‌లో ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళనే ఏరుకున్నారు, మందు చాలా రోజులు ఇచ్చారు. మందు ఎవరికి, ఎలా ఇచ్చారన్నది మారితే ఫలితమూ మారుతుందన్నమాట.

అయితే జపాన్ మార్కుల పద్ధతినే మిగతా దేశాలవాళ్ళు వాడుకోవచ్చు గదా అంటారా? ఉత్తర అమెరికాలో ప్రయత్నించారు. గామా గ్లోబ్యులిన్‌కు లొంగని పిల్లల్లో సుమారు మూడో వంతును మాత్రమే అది పసిగట్టగలిగింది. మిగతావాళ్ళు దాని వలలో పడలేదు. ప్రపంచంలోకెల్లా ఈ జబ్బు జపాన్ పిల్లల్లోనే ఎక్కువ. హవాయి దీవుల్లో ఉండే జపాన్ సంతతి పిల్లల్లో కూడా అక్కడి తెల్లజాతి పిల్లల్లో కంటే చాలా ఎక్కువ. కాబట్టి తాతముత్తాతలనుంచి వచ్చిన జన్యువుల పాత్ర ఇందులో ఉంది. ఒక జనంలో తయారైన కొలబద్దను ఇంకొక జనంలో మళ్ళీ పరీక్షించకుండా వాడకూడదు.

మీరు అడగవలసినవి

ఫలానా మందుతో నూటికి తొంభై మందికి నయమైందని ఎవరైనా చెబితే మీరిక మూడు ప్రశ్నలు అడగవచ్చు. నయమైందని దేన్ని కొలిచి చెబుతున్నారు? మందు తీసుకోని ఎవరితో పోల్చారు, ఆ జట్లను ఎవరు విడదీశారు? ఆ తొంభై మంది ఎలాంటి రోగులు? ఈ మూడింటికీ జవాబు దొరకకపోతే తొంభై అన్న అంకెకు విలువ లేదు.

కవాసాకి జబ్బు మన దేశంలోనూ ఉంది. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి వైద్యులు ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి పిల్లలకు చికిత్స చేస్తున్నారు. మీ ఇంట్లో చిన్న తమ్ముడికో చెల్లికో జ్వరం అయిదు రోజులైనా విడవకుండా, కళ్ళు, పెదవులు ఎర్రబడితే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళమని పెద్దవాళ్ళకు చెప్పండి. జ్వరం మొదలైన పది రోజుల లోపల గామా గ్లోబ్యులిన్ ఇస్తేనే దాని మేలు బాగా అందుతుంది. ఇంట్లో ఉన్నాయి గదా అని ఆస్పిరిన్ బిళ్ళలు మాత్రం వేయకండి. కొన్ని రకాల జ్వరాల్లో అవి పిల్లలకు ప్రాణాపాయం తెస్తాయి.

డాక్టర్ కవాసాకి 2020లో 95వ ఏట మరణించారు. ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలో, పిల్లల గుండెను ఎలా కాపాడాలో ఆయన జీవితకాలంలోనే తేలింది. అసలీ జబ్బు దేనివల్ల వస్తుందన్నది మాత్రం ఇంతవరకు ఏ దేశపు శాస్త్రజ్ఞులూ కనుక్కోలేదు. 1970లో మొదలైన ఆ దేశవ్యాప్త లెక్కల సేకరణ జపాన్‌లో ఆ తరువాత కూడా ఆగలేదు. కారణం ఆ లెక్కల్లో దొరుకుతుందేమోనని వైద్యులు వెదుకుతూనే ఉన్నారు.